జల్లెడకు దొరకని దుమ్ము

తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాడికి లోకంలో ఒక చిక్కు వుంది. వాణ్ణి నలుగురూ "లెక్చరరు గారు" అంటారు. లెక్చరరు అన్నాక అన్నీ తెలిసే వుంటాయని జనానికి నమ్మకం. పెళ్ళిచూపుల దగ్గరనుంచి పంపుసెట్టు మోటారుదాకా సలహా అడుగుతారు. అడిగినవాళ్ళ తప్పేమీ లేదు. "నాకు తెలియదండీ" అనడానికి నోరు రాకపోవడం మన తప్పు. నేను ఎం.ఏ.లో ప్రబంధాలు చదివాను గానీ యంత్రాలు చదవలేదు. అయినా రెండేళ్ళ కిందటి వేసవిలో మా అప్ప ఇంట్లో ఒక యంత్రాన్ని గురించి దర్జాగా సలహా ఇచ్చాను. దాని ఫలితంగా ఒక అర్ధరాత్రి పదేళ్ళ పిల్లను భుజాన వేసుకుని టెక్కలి ఆస్పత్రికి పరుగెత్తవలసి వచ్చింది. ఈ కథ చెప్పుకోవడం నాకేమీ గౌరవం కాదు. కాని ఈ రోజుల్లో ఆ యంత్రం గోడకెక్కని ఇల్లు తక్కువ గనక, చెప్పకుండా వూరుకోవడం అంతకన్నా అగౌరవం.

మా అప్పని భావనపాడు ఇచ్చారు. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రాన్ని ఆనుకుని వున్న ఊరది. ఒకపక్క పడవలు, వలలు, ఇసుకలో ఆరబెట్టిన చేపలు. ఇంకోపక్కకు వెళితే నౌపడ ఉప్పుమళ్ళు. శీతకాలంలో తేలినీలాపురం చెట్లమీద గూడబాతులూ కొంగలూ గూళ్ళు కట్టుకుంటాయి. దగ్గరలోనే మూలపేటలో 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. మొదట్లో దాన్ని భావనపాడు రేవనే అనేవారు గనక, మా అప్ప ఊరి పేరు పత్రికల్లో చాలాసార్లే పడింది. మా బావ ఉప్పు వ్యాపారుల దగ్గర లెక్కలు రాస్తాడు. పెద్ద మేనల్లుడు ఓడలో ఉద్యోగం. ఆఖరిది ఆడపిల్ల, పదేళ్ళది. "మామయ్యా" అని పిలిచిందంటే నా జేబులో చిల్లర మిగలదు.

మేనల్లుడు పంపిన డబ్బుతో ఇంట్లోకి ఏసీ వచ్చింది. ఎండకి మామ్మ తాళలేకపోతోందని వాడి బాధ. మామ్మ అంటే మా అప్పకు అత్తగారు. మొదటి వేసవంతా ఇంటిల్లిపాదీ ఆ ఒక్క గదిలోనే కాపరం చేశారు. భోజనాలూ అక్కడే, చదువులూ అక్కడే, చుట్టాలు వస్తే కూచోబెట్టడమూ అక్కడే. అదివరకు వారానికొకసారి పరుపులూ తలగడలూ పెరట్లో ఎండలో పడేవి. ఏసీ గదిలోకి మందపాటి పెద్ద పరుపు వచ్చాక ఆ అలవాటు పోయింది. ఆ పరుపు మొయ్యడానికి ఇద్దరు కావాలి. ఇహ ఎవరు మోస్తారు?

రెండో ఏడు వచ్చేసరికి పిల్లకు తుమ్ములు మొదలయ్యాయి. పొద్దున్న లేవగానే వరసగా పది, పదిహేను, ఒక్కోరోజు ఇరవై. ముక్కు నలుపుకుని నలుపుకుని మీద గీత పడిపోయింది. కళ్ళు ఎర్రబడేవి. రాత్రుళ్ళు పొడిదగ్గు. చెవి దగ్గర పెట్టి వింటే రొమ్ములోనుంచి సన్నగా పిల్లికూతలు.

ఇంట్లో తలా ఒక వైద్యం. "ఆ సల్లగాలి గుంటకి పడ్డంనేదు. దాన్ని పీకించీండి" అంటుంది మామ్మ. రోడ్డుమీద తిరిగే లారీల దుమ్మంటాడు బావ. బళ్ళో కొనుక్కు తినే ఐసులంటుంది అప్ప. ఇంతలో సెలవులకు నేను దిగబడ్డాను.

"నువ్వు చదువుకున్నోడివి గదా. ఏటంటావురా?" అని అడిగింది అప్ప.

అటక మీద ఏసీ వచ్చిన అట్టపెట్టె కనిపించింది. దానిమీద ఒక బొమ్మ. ఒకవైపునుంచి నల్లని చుక్కలతో గాలి లోపలికి వెళుతోంది. రెండోవైపునుంచి నీలం రంగు గాలి, ఒక్క చుక్కన్నా లేకుండా బయటికి వస్తోంది. ఆ బొమ్మ చూసి నేను పండితుణ్ణయిపోయాను. "అప్పా! దీంట్లో జల్లెడ వుంది. దుమ్మంతా అదే పట్టేస్తుంది. మీరు కిటికీలు తెరవడం వల్లనే బయటి దుమ్ము వస్తోంది. తలుపులూ కిటికీలూ బిగించి, పగలు కూడా ఏసీ వెయ్యండి. పిల్లని దానికి ఎదురుగా పడుకోబెట్టండి" అన్నాను. నా మాటమీద గౌరవంకొద్దీ కిటికీ సందుల్లో పాతగుడ్డలు కూడా కుక్కారు.

అలా నాలుగు రాత్రులు గడిచాయి. అయిదో రాత్రి రెండు గంటలవేళ అప్ప నన్ను తట్టి లేపింది. పిల్ల మంచంమీద లేచి కూచునుంది. రెండు చేతులూ పరుపుమీద ఆనించి, భుజాలు పైకీ కిందికీ ఎగరేస్తోంది. "మామ... య్యా" అనే ఒక్క మాటకు మూడుసార్లు ఊపిరి తీసుకుంది. ఆ మాట విన్నాక నేను చదివిన ప్రబంధాల్లో ఒక్క పద్యం కూడా గుర్తు రాలేదు. పక్కింటివాళ్ళ ఆటో వుండబట్టి సరిపోయింది. దారిపొడుగునా మామ్మ దేవుళ్ళను పిలుస్తూనే వుంది. నేను మాత్రం ఎవరినీ పిలవలేకపోయాను.

ఆస్పత్రిలో ముక్కుకూ నోటికీ తొడుగు పెట్టి మందు ఆవిరి పట్టించారు. తెల్లవారేసరికి పిల్ల తేరుకుని ఇడ్లీ అడిగింది. అప్పుడు డాక్టరమ్మ మమ్మల్ని కూచోబెట్టి ఇల్లెలా వుంటుంది, పిల్ల ఎక్కడ పడుకుంటుంది అని వరసగా అడిగింది. చివరికి, "ఏసీ ఫిల్టరు ఎన్నాళ్ళకొకసారి కడుగుతున్నారు?" అంది.

బావ నావైపు చూశాడు. నేను అప్పవైపు చూశాను. "దాన్ని కడగాలాండీ?" అన్నాడు బావ. డాక్టరమ్మ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడమే నాకు ఇప్పటికీ వినిపిస్తూ వుంటుంది.

ఆ మధ్యాహ్నమే మెకానిక్కును పిలిపించాం. అతను పెట్టె ముందున్న రేకును పైకెత్తి లోపలినుంచి రెండు చట్రాలు లాగాడు. అదే ఫిల్టరు. దాన్ని చేత్తో తియ్యొచ్చనీ, స్క్రూడ్రైవరు కూడా అక్కర్లేదనీ మాకు అప్పటిదాకా తెలియదు. సన్నటి నైలాను వల మీద బూడిదరంగు కంబళి పరిచినట్టుంది దుమ్ము. పెరట్లో కుళాయికింద పెడితే ఆ కంబళి కంబళిగానే వూడి వచ్చింది. "ఇదే అసలు దొంగ. దొరికింది" అన్నాను. చూడండి, అప్పటికీ నాకు బుద్ధి రాలేదు!

ఫిల్టరు కడిగి వారమైంది. తుమ్ములు తగ్గలేదు. డాక్టరమ్మకు ఫోను చేస్తే, విశాఖపట్నం తీసుకెళ్ళి చర్మంమీద పరీక్ష చేయించమంది. ముంజేతిమీద చుక్కలు పెట్టి సన్నటి సూదితో తాకిస్తారు. ఏది పడదో ఆ చుక్క కందికరిచినట్టు లేస్తుంది. మా పిల్లకు రెండు చుక్కలు లేచాయి. ఒకటి ఇంటిదుమ్ములో బతికే పురుగుది, రెండోది బూజుది. లారీల దుమ్మూ ఐసులూ నిర్దోషులని తీర్పు రాలేదు గానీ, అసలు ముద్దాయిలు ఇంట్లోనే వున్నారని తేలింది.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పనివ్వండి. 1906లో వియన్నా పట్టణంలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే పిల్లల వైద్యుడు గ్రీకు ముక్కలు రెండు కలిపి "అలెర్జీ" అనే మాట తయారుచేశాడు. ఒకదానికి "వేరు" అనీ, రెండోదానికి "పని" అనీ అర్థం. ఏదో ఒక వస్తువు తగిలినప్పుడు ఒళ్ళు చెయ్యవలసిన పని కాక వేరే పని చెయ్యడం అన్నమాట. మన ఇళ్ళల్లో దీనికి ఒక చక్కని మాట ఎప్పటినుంచో వుంది: "పడదు." వంకాయ పడదు, చల్లగాలి పడదు, అత్తాకోడళ్ళకు పడదు. ఈ చివరి ప్రయోగం చూస్తే రోగం స్వభావమంతా తెలిసిపోతుంది. అత్తగారు చెడ్డదీ కాదు, కోడలు చెడ్డదీ కాదు. ఒకరి అడుగుల చప్పుడు వినగానే రెండోవారికి కోపం వస్తుంది. దుమ్ములోని పురుగు మనని కుట్టదు, కరవదు. కాని మా పిల్ల ఒంటికి దాని జాడ తగిలితే చాలు, రాత్రి కాపలావాడు పాలవాణ్ణి దొంగనుకుని ఊరంతా లేపినట్టు గగ్గోలు పెడుతుంది. తుమ్ములూ, కళ్ళనీళ్ళూ, పిల్లికూతలూ అన్నీ ఆ గగ్గోలే.

మామ్మ "పడ్డంనేదు" అన్న మాట నిజమే. ఏది పడటం లేదో చెప్పడంలోనే ఆవిడా పొరబడింది, నేనూ పొరబడ్డాను.

అక్కడినుంచి నేను చదవడం మొదలుపెట్టాను. సలహా ఇచ్చిన తరువాత చదవడం మన జాతి ఆచారం కదా! చదివినకొద్దీ సిగ్గు పెరిగింది.

మొదట తెలిసింది ఇది. గోడమీది ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో వున్న గాలినే పీల్చి, చల్లబరచి, మళ్ళీ గదిలోకే వదులుతుంది. రాత్రంతా అదే గాలి, అదే తిరుగుడు. అంచేత నేను కిటికీల్లో కుక్కించిన పాతగుడ్డలు బయటి దుమ్మును ఆపాయేమో గానీ, లోపలి దుమ్మును మాత్రం నిక్షేపంగా లోపలే వుంచాయి.

రెండోది జల్లెడ సంగతి. ఆ నైలాను వలను పెట్టింది ముఖ్యంగా మన ముక్కుకోసం కాదు, యంత్రంకోసం. లోపల చల్లబడే రేకుల మధ్య నూగూ పీచూ వెంట్రుకలూ ఇరుక్కుంటే గాలి ఆడదు. వాటిని ఆపడం దాని మొదటి పని. ఇల్లాళ్ళకు తెలిసిన ఉపమానం చెబుతాను. జల్లెడలో పిండి జల్లిస్తే నూక పైన నిలుస్తుంది, పిండి కిందికి దిగుతుంది. మెత్తని చూర్ణం కావాలంటే ఆయుర్వేద వైద్యులు జల్లెడను నమ్మరు, గుడ్డలో వేసి వస్త్రగాళితం పడతారు. ఏసీలో వున్నది జల్లెడ. మనని తుమ్మించేది పిండి.

ఆ పిండి ఎంత సన్నమో చూడండి. దుమ్ము పురుగు మిల్లీమీటరులో మూడోవంతు వుంటుంది, కంటికి దాదాపు ఆనదు. తుమ్ము తెప్పించేది ఎక్కువగా దాని పెంటిక. అది మిల్లీమీటరులో సుమారు యాభయ్యోవంతు. బూజు విత్తులు అంతకన్నా సన్నం, కొన్ని మిల్లీమీటరులో మూడువందలోవంతే వుంటాయి. దోమలబత్తి పొగా, సాంబ్రాణి పొగా అయితే వెయ్యోవంతుకు కూడా దిగిపోతాయి. నైలాను వలలో కన్నాలేమో మన కంటికి కనిపిస్తూనే వున్నాయి. ఏనుగుల్ని ఆపే కంచె చీమల్ని ఆపుతుందా?

వస్త్రగాళితంలాంటి ఫిల్టర్లు లేకపోలేదు. హెపా అని వాటికి పేరు. మిల్లీమీటరులో పదివేల వంతులు చేసి మూడు వంతులు తీసుకుంటే ఎంతో అంత సన్నని కణాలను కూడా నూటికి 99.97 పాళ్ళు పట్టేస్తాయి. అమెరికాలో 1940ల్లో అణుబాంబు పనిలో విషపు దుమ్మును ఆపడానికి వీటిని తయారుచేశారు. మరి ఏసీలో అదే పెట్టరేం అంటే, అంత దట్టమైన దానిలోనుంచి గాలిని తొయ్యాలంటే గట్టి ఫ్యాను కావాలి. మామూలు ఏసీ ఫ్యాను ఆ బరువు లాగలేదు. అందుకనే దాన్ని వేరే యంత్రంగా అమ్ముతారు. డబ్బున్నవారు కొనుక్కోవచ్చు. అయితే కొనేముందు ఒక సంగతి. పురుగు పెంటిక బరువైనది గనక గాలిలో ఎక్కువసేపు తేలదు. పక్క దులిపినప్పుడు లేస్తుంది, కాసేపట్లో మళ్ళీ పరుపుమీదే పడుతుంది. తల ఆనించుకునే తలగడలోనే శత్రువు వుంటే గది మూలలో కాపలావాణ్ణి పెట్టి లాభమేమిటి?

మూడోది నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. ఇంటిదుమ్ములో ఈ పురుగే ముఖ్యమైన ముద్దాయి అని 1964లో నెదర్లాండ్సు దేశంలో లైడెన్ పట్టణపు శాస్త్రజ్ఞులు ఫోర్‌హోర్స్ట్, స్పీక్స్మా బయటపెట్టారు. మన ఒంటినుంచి రాలే పొట్టు దాని తిండి. మరి నీళ్ళో? అది నీళ్ళు తాగదు. దాని ముందుకాళ్ళ మొదట్లో చిన్న గ్రంథులున్నాయి. వాటిలోనుంచి ఊరే ఉప్పుద్రవం గాలిలోని చెమ్మను లాగుతుంది. ఆ చెమ్మే దాని దాహం తీరుస్తుంది.

ఇది చదివి బావకు చెబితే ఆయన పకపక నవ్వాడు. "ఓరి దీన్దుంపతెగ! ఇది కూడా మా ఉప్పు వ్యాపారమే సేస్తన్నాదా?" అన్నాడు. ఉప్పు సంగతి ఆయనకు నేను చెప్పాలా? గాలిలో తేమ నూటికి 75 దాటితే జాడీలో ఉప్పు చెమ్మగిలి నీరుకారుతుంది. మా తీరాన అలాంటి రోజులు ఏడాదిలో చాలానే వుంటాయి. తేమ 50కి లోపే కొన్నివారాలపాటు వుంటే పురుగు ఎండిపోయి చస్తుంది. జాడీలో ఉప్పు తడిస్తే పరుపులో పురుగుకు పండగన్నమాట. యంత్రాలేవీ అక్కర్లేని పరీక్ష ఇది. మీ వంటింట్లోనే వుంది.

అయితే ఏసీ శత్రువా, మిత్రుడా? ఇక్కడే మామ్మ మాట కూడా నిలవదు. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు ఈ యంత్రానికి తొలిరూపం తయారుచేసింది మనుషుల చల్లదనంకోసం కాదు. బ్రూక్లిన్‌లో ఒక అచ్చుకూటంలో తేమకు కాగితం సాగుతూ ముడుచుకుంటూ వుంటే, రంగు బొమ్మల్లో ఒక రంగుమీద ఇంకో రంగు సరిగా కూచునేది కాదు. గాలిలో తేమ తగ్గించడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం ఇది. బొమ్మల పత్రిక చదువుతున్న మీరు ఆయనకొక నమస్కారం పెట్టవచ్చు. ఏసీ పుట్టిందే తేమ తీయడానికి. తేమ తగ్గితే దుమ్ము పురుగుకు గడ్డుకాలం. సముద్రపుటొడ్డున వున్న ఇంట్లో సరిగా చూసుకున్న ఏసీ పురుగులు పడని పిల్లకు మేలే చేస్తుంది. పీకించి పారేసి వుంటే పురుగులకు మరింత సుఖంగా వుండేది.

కాని ఆ తీసిన తేమ ఎక్కడికి పోతుంది? చల్లటి రేకులమీద చెమటలా పట్టి, కింద దోనెలోకి దిగి, గొట్టంగుండా బయటికి పోతుంది. అంటే యంత్రం లోపల ఎప్పుడూ తడి, చీకటి. ఫిల్టరుకు చిక్కకుండా దూరిన దుమ్ము అక్కడ చేరితే, తడి, చీకటి, తిండి మూడూ దొరికినట్టే. ఇహ బూజుకు ఇంతకన్నా స్వర్గం ఏముంది? ఇది తెలిశాక మెకానిక్కును మళ్ళీ పిలిచాం. ఈసారి పెట్టె పూర్తిగా విప్పించాం. లోపల పొడుగాటి గొట్టంలాంటి ఫ్యాను వుంది. టార్చిలైటు వేసి చూస్తే దాని రెక్కలన్నిటికీ నల్లటి మఖమలు గుడ్డ తొడిగినట్టుంది. అంతా బూజే. పంపుతో నీళ్ళు కొట్టి కడిగితే బకెట్టునిండా కాటుకనీళ్ళు. నేను పిల్లని ఎదురుగా పడుకోబెట్టమన్నది ఈ ఫ్యానుకే. నాలుగు రాత్రులు అది ఆ పిల్ల మొహంమీద ఏం వూదిందో ఆ బకెట్టులో చూశాను. బావ నన్ను ఒక్కమాట అనలేదు. అప్ప మాత్రం, "నువ్వూ తెలిసి సెప్పావేటిరా" అంది. అదింకా గుచ్చుకుంటుంది.

బూజుకు ఇంకో స్థావరం కూడా దొరికింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా జిల్లాలో పలాస ప్రాంతాన తీరం దాటినప్పుడు ఆ ఇంటి వెనకగోడ తడిసింది. తరువాత సున్నం వేశారు గానీ, బీరువా వెనకాల చెమ్మ అలాగే వుండిపోయింది. బీరువా జరిపితే గోడమీద నల్లని మచ్చలు. ఏసీ ఒక్కటే ముద్దాయి అనుకుని వుంటే ఆ బీరువా ఇప్పటికీ అక్కడే వుండేది.

తరువాత ఏం చేశారో చెబుతాను. మీకూ పనికిరావచ్చు.

ఫిల్టరు కడగడం బావ వంతు. వేసవిలో రెండు వారాలకొకసారి, తక్కిన నెలల్లో వాడకాన్ని బట్టి. స్విచ్చి ఆపి, చట్రాలు మెల్లిగా తీసి, పెరట్లోకి పట్టుకెళ్ళి కడుగుతాడు. నీడలో పూర్తిగా ఆరాకే మళ్ళీ పెడతాడు, తడిది పెడితే బూజును పిలిచినట్టే. ఆ సమయంలో పిల్ల ఆ చుట్టుపక్కల వుండకూడదని కట్టడి. కాలెండరులో తేదీకి సున్నా చుట్టడం మాత్రం దాని ఉద్యోగం. ఈ పని బావకు శ్రద్ధగా అబ్బడానికి ఒక రహస్యం వుంది. మురికి ఫిల్టరు తీసి శుభ్రమైనది పెడితే ఏసీ కరెంటు వాడకం నూటికి 5 నుంచి 15 పాళ్ళు తగ్గవచ్చునని అమెరికా ఇంధనశాఖ లెక్క. లెక్కలు రాసేవాడికి లెక్కే మంత్రం.

వేసవి ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి మెకానిక్కు వచ్చి ఫ్యానూ రేకులూ దోనే కడుగుతాడు. ఏసీ ఆపేముందు కాసేపు చల్లదనం లేకుండా ఫ్యాను ఒక్కటే తిప్పుతారు. లోపలి తడి ఆరుతుంది. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో దోమలబత్తి, సాంబ్రాణి, అగరువత్తి బంద్. మామ్మ సాంబ్రాణి వరండాలోకి మారింది. పొద్దున్న గది తడిగుడ్డతో తుడిచి కాసేపు కిటికీలు తెరుస్తారు. నేను కుక్కించిన పాతగుడ్డలు ఆ తుడవడానికే పనికివచ్చాయి.

అన్నిటికన్నా ముఖ్యం పక్క. మందపాటి పరుపు బయటి గదిలోకి పోయింది. దానిస్థానంలో పలచని పరుపు, దానికీ తలగడకూ దగ్గరనేత గుడ్డతో అన్నివైపులా మూసేసిన తొడుగులు. దుప్పట్లూ గలేబులూ వారానికొకసారి బాగా వేడినీళ్ళలో, అంటే 60 డిగ్రీలకు తక్కువ కాకుండా, నానబెట్టి ఉతుకుతారు. చన్నీళ్ళకు పురుగు చావదు. ఎండ కాసిన రోజున పరుపు పెరట్లో మంచంమీద కొన్నిగంటలు పడుకుంటుంది. ఎండకు పురుగు వేగి చస్తుంది. చచ్చినదాని దుమ్ము మిగులుతుంది గనక పిల్లకు దూరంగా దులిపి, అప్పుడు లోపలికి తెస్తారు.

"మా కాలంలో సేసిందే ఇది. దీనికి ఇశాపట్నం ఎల్లాలా?" అంది మామ్మ. వెళ్ళాలి మామ్మా. ఎందుకు చెయ్యాలో తెలియక మానేశాం. ఎందుకో తెలిస్తే మళ్ళీ మానం.

ఒక్కమాట మరచిపోకూడదు. ఫిల్టరు కడగడం మందు కాదు. మా పిల్లకు డాక్టరమ్మ రోజూ పీల్చే మందు రాసింది. బాగుంది కదా అని నెలరోజులకే ఆపబోయారు మావాళ్ళు, "అలవాటు పడిపోద్ది" అని. డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. ఆ మందుకు బానిసలు కావడం వుండదనీ, అది నేరుగా ఊపిరిగొట్టాల్లోకి వెళుతుంది గనక చిన్న మోతాదు చాలుననీ, తనని అడగకుండా ఆపితే మళ్ళీ అర్ధరాత్రి ఆటో ఎక్కవలసి వస్తుందనీ చెప్పింది. పిల్లికూతలు వినిపించే పిల్ల ఏ ఇంట్లో వున్నా ముందు వైద్యుడి దగ్గరికి, తరువాత ఏసీ దగ్గరికి. నేను దీన్ని తలకిందులు చేసి అనుభవించాను.

ఇప్పుడెలా వుందంటారా? తుమ్ములు బొత్తిగా పోలేదు. ముసురు పట్టిన రోజుల్లో పొద్దున్న నాలుగో అయిదో వస్తాయి. రాత్రుళ్ళు నిద్రపోతోంది. ఆ అర్ధరాత్రి మళ్ళీ రాలేదు. డాక్టరమ్మ మందువల్లో, బావ కుళాయివల్లో, మామ్మ ఎండవల్లో విడదీసి చెప్పమంటే నావల్ల కాదు.

మొన్న సంక్రాంతికి వెళితే పక్కింటాయన నన్ను వరండాలో పట్టుకున్నాడు. వాళ్ళింట్లో ఏసీ కొనబోతున్నారట. "లెక్చరరు బాబూ, ఏది కొంటే మంచిదంటారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా లోపలినుంచి మా మేనకోడలు కేక వేసింది: "మామయ్యకి తెలీదండి! నన్నడగండి!"

ఆయన నవ్వాడు. నేను పక్కకు జరిగి దానికి చోటిచ్చాను.